పటము గీయక ప్రోగ్రాము వ్రాయరాదు

ప్రతి సంవత్సరము బడి తెఱచిన మొదటి వారములో తలిదండ్రులు మమ్ము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "మావానికి కంప్యూటరు ఏ తరగతినుండి నేర్పుదురు? ఏ భాష నేర్పుదురు?" అని. ఈ ప్రశ్నలో తప్పులేదు. 1998వ సంవత్సరమున హైదరాబాదులోని హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మన తెలుగు కుటుంబములలో సాఫ్ట్‌వేరు ఉద్యోగమును గూర్చిన ఆశ ఇంటింటను వ్యాపించినది. ఆ యాశను మేము చులకన చేయము. అయితే పై ప్రశ్నకు మా ప్రత్యుత్తరము కొందఱకు వింతగా తోచవచ్చును. పిల్లలకు ముందు నేర్పవలసినది కంప్యూటరు భాష కాదు, తెల్లకాగితముపై పటము గీయుట యని మా యభిప్రాయము. ఇది మాకు పుస్తకములవలన కలిగినది కాదు. మా బడిలోనే జరిగిన యొక పొరపాటువలన కలిగినది. దానిని ముందుగా మనవి చేసెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మార్కుల పట్టికలను చేతివ్రాతనుండి కంప్యూటరునకు మార్చితిమి. ప్రోగ్రామును పట్టణములోని యొకరు వ్రాసి యిచ్చిరి. వారి పేరిచ్చట అనవసరము. చూచుటకు అది చక్కగనే యుండెను. మార్కులు నింపినంతనే మొత్తము, సగటు, తరగతిలో స్థానము క్షణములో వచ్చెడివి. రాత్రులు కూర్చుండి కూడికలు చేయు బాధ తప్పినదని మేమెల్లరము సంతోషించితిమి. ఆ యేటి అర్ధసంవత్సర పరీక్షలలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె జ్వరముచేత రెండు పరీక్షలు వ్రాయలేకపోయెను. మేము ఆ రెండు గడులను ఖాళీగా విడిచితిమి. ప్రోగ్రాము ఖాళీ గడిని సున్నగా లెక్కించెను. సగటు పడిపోయెను. ఇంటికి పోయిన కాగితముపై "అనుత్తీర్ణురాలు" అని అచ్చుపడెను.

మూడవనాడు ఆమె తండ్రి బడికి వచ్చెను. ఆయన వడ్రంగి. కాగితమును మడిచి చొక్కాజేబులో పెట్టుకొని వచ్చి, ఆఫీసు గది గుమ్మముకడ నిలుచుండి, "మాస్టారూ, పిల్లని ఇంక మానిపించి కుట్టుపనికి పెడదామనుకుంటున్నామండి. దానికి చదువు రాదని మీరే రాసిచ్చారు గదా" అనెను.

మేము పట్టికను తెఱచి చూచి సిగ్గుపడితిమి. పాత రిజిష్టరులో ఇట్టిది జరిగియుండెడిది కాదు. పరీక్షకు రాని పిల్లల గడిలో ఎఱ్ఱసిరాతో "గై.హా." అని వ్రాయుటయు, సగటు తీయునపుడు ఆ పరీక్షను లెక్కలోనికి తీసికొనకుండుటయు మాకు అలవాటు. గైరుహాజరు వేఱు, సున్న వేఱు. ఈ నియమము ఏ పుస్తకములోను వ్రాయబడి యుండలేదు. మా కలములలో నుండెను. ప్రోగ్రాము వ్రాసినవారు అడుగలేదు; మేము చెప్పలేదు. దోషము ఇరువురిది.

సంగతి వివరించి ఆయనను క్షమింపుమని కోరితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "మేమైతే గుమ్మం చెయ్యాలన్నా ముందు నేలమీద సుద్దతో గీసి ఇంటివాళ్లకి చూపిస్తామండి, తలుపు ఇటు తెరుచుకోవాలా అటు తెరుచుకోవాలా అని. కోసిన కర్ర మళ్లీ అతకదు గదండీ" అనెను. బాలిక చదువు మానలేదు. అది మా యదృష్టము. కాని ఆ మాట మమ్ము విడువలేదు. ఆ ప్రోగ్రాము వ్రాయుటకు ముందు ఎవరైనను ఒక్క పటము గీసి మా యెదుట పెట్టియుండినచో, "రానివారి గడి యేదయ్యా?" అని మాలో ఒక్కరైనను అడిగియుందురు. ప్రోగ్రాము భాష మాకు రాదు. పటము మాకు వచ్చును. పని తెలిసినవాడును, ప్రోగ్రాము తెలిసినవాడును ఇరువురును వ్రేలుపెట్టి చూపగల తావు పటమొక్కటియే. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దంతయు ఇదియే.

ప్రోగ్రాము వ్రాయుట వేఱు, సాఫ్ట్‌వేరు నిర్మించుట వేఱు. తన యవసరమునకు తానే నాలుగు పంక్తులు వ్రాసికొన్నచో అది ప్రోగ్రాము. పదిమంది కలిసి వ్రాసి, వేలమంది వాడుకొని, వ్రాసినవారు వెడలిపోయిన పిదపకూడ ఇతరులు మార్చుకొనుటకు వీలగునట్లు కట్టినది సాఫ్ట్‌వేరు. ఈ భేదము మొదట పెద్దలకును తెలియలేదు. 1960 తరువాతి సంవత్సరములలో యంత్రముల శక్తి పెరిగినకొలది వానిచే చేయింపదలచిన పనులును పెరిగెను. గడువులు దాటెను, ఖర్చులు మితిమీఱెను, తప్పులు కుప్పలు పడెను. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ అను పట్టణమున నాటో కూటమి యేర్పఱచిన సభలో విద్వాంసులు సమావేశమై "సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు" అను పేరును ముందుంచుకొని ఈ చిక్కును చర్చించిరి. వంతెనలు కట్టువారికి ఒక శాస్త్రమున్నట్లు ప్రోగ్రాములు కట్టువారికిని ఉండవలెనని ఆ పేరులోని తాత్పర్యము.

ఆ శాస్త్రములోని మొదటి పాఠము పనిని దశలుగా విభజించుట. అవసరమును తెలిసికొనుట, రూపమును నిర్ణయించుట, వ్రాయుట, పరీక్షించుట, వాడుకలో పెట్టిన పిదప సరిదిద్దుచుండుట అనునవి ఆ దశలు. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను నింజనీరు ఈ దశలను మెట్లుమెట్లుగా నొక పటమున చూపెను. జలపాతమువలె పైనుండి క్రిందికి దిగుటయే గాని వెనుకకు చూడరాదని ఆయన బోధించినట్లు పలువురు నేటికిని తలంతురు. నిజమునకు అట్టి నడక అపాయకరమనియు, వెనుకటి మెట్టునకు మరలిపోవలసివచ్చు ననియు ఆ వ్యాసములోనే ఆయన హెచ్చరించెను. పటమును మాత్రమే చూచి ప్రక్కనున్న మాటలు చదువనివారు ఆయనను అపార్థము చేసికొనిరి. పటమును గూర్చి పొగడ్త వ్రాయుచున్న మేము ఈ సంగతికూడ మఱువరాదు.

ఇక పటమే యేల? ఇల్లు కంటికి కనబడును. గోడ వంకరగా లేచినచో దారినపోవువాడును చెప్పగలడు. సాఫ్ట్‌వేరునకు రూపము లేదు. పనిచేసినంతవఱకు అది కనబడదు, చెడినపుడే తెలియును. ఐబీఎం సంస్థలో ఓఎస్ 360 అను మహానిర్మాణమును నడపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1986లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున, సాఫ్ట్‌వేరు స్వభావములోని చిక్కులలో ఈ యదృశ్యత యొకటి యని చెప్పెను. దాని రూపము ఒక్క పటములో ఇమడదనియు, ఒకదానిపై నొకటి పడిన పలు పటములు కావలసివచ్చు ననియు ఆయన భావము. ఈ మాటను పటములకు విరోధముగా కొందఱు వాడుదురు. మాకట్లు తోచదు. ఇంటికిని నేలపటము వేఱు, నిలువుపటము వేఱు, విద్యుత్తు తీగల పటము వేఱు గదా! ఒక్క పటము చాలదన్నచో నాలుగు గీయవలెను గాని గీతయే మానరాదు.

మొదట ఈ పటములకు ఒకే లిపి లేకుండెను. ఒకరు మబ్బు ఆకారమును వాడినచోట మఱియొకరు పెట్టెను వాడిరి. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ జేకబ్‌సన్ అను మువ్వురు తమతమ గుర్తులను విడిచి ఒక్క లిపికి ఒడంబడిరి. దానికి యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్, పొట్టిగా యూఎంఎల్, అని పేరు. 1997 నవంబరులో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అను సంస్థ దీనిని ప్రమాణముగా అంగీకరించెను. నేటి ప్రమాణములో 14 విధముల పటములు కలవు. వానిలో ఏడు నిర్మాణమును, ఏడు నడవడిని చూపును. బడిపిల్లలకు పదునాలుగును అక్కఱలేదు. నాలుగు చాలును. మన గ్రంథాలయమునే ఉదాహరణముగా తీసికొందము.

మొదటిది వినియోగ పటము. యూజ్ కేస్ డయాగ్రము అందురు. టెలిఫోను యంత్రముల పనిలో నుండగా జేకబ్‌సన్ వినియోగములను బట్టి ఆలోచించు ఈ పద్ధతిని పెంపొందించెను. ఒక పెట్టె గీసి, వెలుపల మనుష్యుల గీతబొమ్మలు, లోపల కోడిగ్రుడ్డు ఆకారములు వేయవలెను. ప్రతి గ్రుడ్డులోను ఒక పని పేరు: పుస్తకము వెదకుట, తీసికొనిపోవుట, తిరిగి యిచ్చుట. ఎవరు ఏ పనికి వత్తురో గీతతో కలుపవలెను. ఎంత సులభము! కాని గీయుటకు కూర్చున్నచో ప్రశ్నలు లేచును. ఉపాధ్యాయులును పుస్తకములు తీసికొందురా? బడి విడిచిన పూర్వవిద్యార్థి సంగతి యేమి? పెట్టెకు లోపల నేమి, వెలుపల నేమి యను నిర్ణయమే నిర్మాణములో సగము.

రెండవది వర్గ పటము. క్లాస్ డయాగ్రమనుట వాడుక. ప్రతి వస్తువునకు మూడు గడుల పెట్టె: పై గడిలో పేరు, నడుమ గడిలో దాని లక్షణములు, క్రింది గడిలో అది చేయగల పనులు. పిల్లలు "పుస్తకము" అని యొక పెట్టె గీయుదురు. అపుడు మేము అడుగుదుము: నిఘంటువు మన యొద్ద ఐదు ప్రతులున్నవి, అది ఒక పుస్తకమా, ఐదా? కొంత కలకలము తరువాత "పుస్తకము" ఒక పెట్టె, "ప్రతి" మఱియొక పెట్టె యగును. ఒక పుస్తకమునకు పలు ప్రతులని నడుమ గీతపై అంకెలు వేయుదురు. తిరిగి యీయవలసిన తేదీ ఎవరిది? విద్యార్థిది కాదు, ప్రతిది కాదు. ఇచ్చిపుచ్చుకొనుటయే ఒక వస్తువని, తేదీ దానికి చెందినదని ఏ బాలుడో బాలికయో కనిపెట్టును. ఆ నిమిషమున ఆ పిల్లల ముఖములు చూచుటకంటె ఉపాధ్యాయునికి వేఱు జీతము లేదు.

మూడవది క్రమ పటము, అనగా సీక్వెన్స్ డయాగ్రము. విద్యార్థి, గ్రంథపాలకుడు, రిజిష్టరు అను వారి పేర్లు పైన వ్రాసి, ఒక్కొక్కరి క్రింద నిలువుగీత దించవలెను. కాలము పైనుండి క్రిందికి నడచును. ఎవరు ఎవరికి ఏమి చెప్పిరో అడ్డబాణములతో చూపవలెను. బాలుడు పుస్తకమడిగెను, పాలకుడు రిజిష్టరు చూచెను, ఇదివఱకే రెండు పుస్తకములు వానియొద్ద నున్నవి. ఇపుడు బాణమెటు పోవలెను? అంతా సవ్యముగా జరిగిన నాటి కథను ఎవరైనను వ్రాయగలరు. సవ్యముగా జరుగనినాటి కథను గీయించుటయే ఈ పటము చేయు మేలు.

నాలుగవది స్థితి పటము, స్టేట్ డయాగ్రము. 1987లో డేవిడ్ హారెల్ అను శాస్త్రజ్ఞుడు దీనికి చక్కని రూపమిచ్చిన వ్యాసమును ప్రకటించెను. విమానముల యంత్రాంగపు పనిలో అది పుట్టినది. ఒక ప్రతి అరలో నుండవచ్చును, ఒకరికి ఇచ్చియుండవచ్చును, గడువు మీఱియుండవచ్చును, బైండింగునకు పోయియుండవచ్చును, లేదా పోగొట్టబడి యుండవచ్చును. ఒక స్థితినుండి మఱియొక స్థితికి ఏది జరిగినచో పోవునో బాణముతో చూపవలెను. పోయినదనుకొన్న పుస్తకము దొరికినచో మరల అరకు వచ్చు బాణము ఉన్నదా? చెల్లించిన రుసుము సంగతి యేమగును? ఇక మా మార్కుల గడికి ఈ పటము గీసియున్నచో మూడు పెట్టెలు మాత్రమే వచ్చియుండును: ఇంకను నింపలేదు, గైరుహాజరు, మార్కు వేయబడినది. సున్న యనునది మూడవ పెట్టెలోనిది. ఐదు నిమిషముల పని. ఆ యైదు నిమిషములు లేక ఒక బాలిక చదువు గుమ్మమువఱకు వచ్చి నిలిచినది.

చిన్నబడిలోని పొరపాటునకు ఇంత మాట యేల యందురేమో. పెద్దచోట్ల జరిగినదియు ఇట్టిదే. 1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రమునుండి యూరపువారి ఏరియాన్ 5 రాకెట్టు నాలుగు క్లస్టర్ ఉపగ్రహములతో తొలిసారిగా లేచెను. నలుబది సెకనులైనను నిండకమునుపే అది దారితప్పి నాశనమయ్యెను. దిశను తెలుపు యంత్రములోని ప్రోగ్రాము ఏరియాన్ 4నుండి తెచ్చినది. అందులో 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటిలోనికి మార్చు లెక్క యొకటి కలదు. ఆ చోట 32,767కు మించిన సంఖ్య పట్టదు. పాత రాకెట్టు వేగమునకు అది సరిపోయెను; క్రొత్తదాని వేగమునకు చాలలేదు. సహాయముగా నుంచిన రెండవ యంత్రములోను అదే ప్రోగ్రాముండుటచే అదియు అట్లే విఫలమయ్యెను. ఆ లెక్క చేయుచున్న భాగము రాకెట్టు నేలవిడిచిన పిదప అవసరమే లేనిది! పాత రాకెట్టునకు సరిపడిన యూహ యొకటి, మా "గై.హా." వలెనే, క్రొత్తవారి కంటబడుచోట లేకపోయెను.

ఇంకొకటి. 1998 డిసెంబరులో అమెరికా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుని చేరునపుడు నశించెను. భూమిమీది ఒక ప్రోగ్రాము బలపు లెక్కను పౌనులలో ఇచ్చుచుండగా, దానిని అందుకొన్నవారు న్యూటనులుగా తీసికొనిరి. ఇచ్చట నిజాయితీగా ఒక మాట చెప్పవలెను. మెట్రిక్ కొలతలే వాడవలెనని ముందే కాగితముపై ఒప్పుకొని యుండిరి. ఒప్పందమున్నను ప్రోగ్రాము దానిని పాటించినదా యని సరిచూచినవారు లేకపోయిరి. కావున పటమున్నంత మాత్రమున కీడు తప్పదు. గీసినదానిని కట్టినదానితో పోల్చి చూచుచుండుటయు పటలేఖనములో భాగమే.

దీనికి ఎదురువాదము లేకపోలేదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అనుచోట 17 మంది ప్రోగ్రాము నిపుణులు సమావేశమై యొక ప్రకటన చేసిరి. కట్టలకొలది పత్రములకంటె పనిచేయు సాఫ్ట్‌వేరు విలువైనదని అందులోని యొక సూత్రము. దానిని మేము మన్నింతుము. నెలలతరబడి పటములు గీయుచు కూర్చున్నచో అవసరమే మాఱిపోవును. ఎవరును చూడని పటము గోడకు బరువు. మన బడులలోనే చూడుడు: ప్రాక్టికల్ రికార్డులలో నిరుటి విద్యార్థి పటమును స్కేలుతో చక్కగా ఎక్కించి మార్కులు పొందువారెందఱో! అది పటలేఖనము కాదు, నకలువ్రాత. మేము కోరునది అది కాదు. సంభాషణకు పనికివచ్చు పటమును, చెఱిపివేతలున్న పటమును మేము కోరుచున్నాము.

మఱికొందఱు, కోరినది మాటలలో చెప్పినచో ప్రోగ్రామును తానే వ్రాసియిచ్చు యంత్రములు ఇపుడు వచ్చినవి గదా, ఈ శ్రమయేల యందురు. మాకు సరిగా దీనికి విరుద్ధముగా తోచుచున్నది. యంత్రము వ్రాయును, కాని గైరుహాజరు వేఱు, సున్న వేఱు అను సంగతి మన బడిలోనిది. దానిని మనము చెప్పకున్నచో యంత్రమును ఖాళీ గడిని సున్నగా లెక్కించినచో ఆశ్చర్యమేమి? వ్రాతపని తేలికయైనకొలది, ఏమి కావలెనో తేల్చుకొను పని మనుష్యునిపై మఱింత పడును.

కావున మా సూచనలు ఇవి. ఎనిమిదవ తరగతిలో కంప్యూటరు చదువు మొదటి నెల కీబోర్డు ముట్టకుండ జరుగవలెను. నలుగురేసి పిల్లలు జట్టుగా నేర్పడి, మధ్యాహ్న భోజనపు లెక్కయో, బోర్డింగు సరకుల లెక్కయో, గ్రంథాలయమో ఒకదానిని ఎన్నుకొని, ఆ పని నిత్యము చేయువారిని, అనగా వంటమనిషిని, స్టోరు చూచువారిని, అటెండరును, మర్యాదగా అడిగి తెలిసికొని గీయవలెను. ఒక్కొక్క పటము ఒక్క పుటను మించరాదు. గీసిన జట్టు వివరింపరాదు. మఱియొక జట్టు ఆ పటమును చూచి చదివి చెప్పవలెను. వారు చదువలేనిచోట పటము తప్పు. చివరకు ఆ పని చేయువారికే చూపి, "ఇందులో ఏమి విడిచితిమి?" అని యడుగవలెను. మార్కులు గీతల నునుపునకు గాక, ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుతో పటము ఎంత మాఱినదో చూచి వేయవలెను.

పాఠశాల యాజమాన్యమువారికి ఒక మనవి. కంప్యూటరు గదికి క్రొత్త యంత్రములు కొనునపుడు ఒకటి తగ్గించి, ఆ గది గోడ నొకదానిని నేలనుండి పిల్లల చేయి అందునంత యెత్తువఱకు నల్లబల్లగా చేయింపుడు. ఖర్చు తక్కువ, లాభము చిరకాలము నిలుచును. కంప్యూటరు భాషలు మాఱిపోవును. నేడు మేము నేర్పు భాష ఈ పిల్లలు ఉద్యోగములకు పోవునాటికి ఉండునో లేదో చెప్పలేము. అడిగి తెలిసికొని గీయుట మాత్రము పాతబడదు.

తలిదండ్రులారా, సెలవులలో మీ పిల్లలను "ఎన్ని భాషలు నేర్చితివి?" అని యడుగకుడు, "ఏమి గీసితివి? ఎవరిని అడిగి గీసితివి?" అని యడుగుడు. విద్యార్థులారా, మీరు పెద్దవారై వ్రాయు ప్రోగ్రాములలో ఎవరి పింఛనో, ఎవరి మందుచీటియో, ఎవరి పరీక్షాఫలమో ఒక గడిగా నుండును. ఆ గడి ఖాళీగా నున్నచో దాని వెనుక జ్వరముతో పడుకొన్న మనిషి యుండవచ్చును. కఱ్ఱ కోయుటకు ముందు నేలమీద సుద్దతో గీసి ఇంటివారికి చూపుడు.